అతివాహక చరిత్ర – 14: మాయమైన మెట్లు

కిందటి భాగంలో కేంబ్రిడ్జి విద్యార్థి బ్రయన్ జోసెఫ్సన్ కథ చెప్పుకున్నాం. రెండు అతివాహకాల మధ్య పలచటి బంధకపు పొర పెట్టినా, వోల్టేజీ అనేదే లేకుండా ఆ పొర గుండా విద్యుత్తు పారుతుందని 1962లో, ఇరవై రెండేళ్ల వయసులో, కాగితం మీద తేల్చాడు. అప్పటికే ఒక నోబెల్ అందుకుని ఉన్న జాన్ బార్డీన్ అది కుదరదని అచ్చులోనే కొట్టిపారేశాడు. ఏడాది తిరక్కుండా బెల్ ల్యాబ్స్‌లో ఫిలిప్ ఆండర్సన్, జాన్ రోవెల్ ఆ ప్రవాహాన్ని కొలిచి చూపించారు. 1963లోనే సిడ్నీ షాపిరో అలాంటి సంధి మీద మైక్రోతరంగాలు పడేటట్టు చేసి చూస్తే, విద్యుత్తు-వోల్టేజీ గ్రాఫులో గీత నున్నగా పైకి పోకుండా మెట్లు మెట్లుగా ఎక్కింది. వాటికి షాపిరో మెట్లని పేరు పడింది. ఈ భాగమంతా ఆ మెట్ల గురించే. సరిగ్గా చెప్పాలంటే, వాటిలో కొన్ని కనిపించకుండా పోవడం గురించి, అవి పోయినందుకు కొందరు పండగ చేసుకోవడం గురించి.

పాదరసంతో కాపురం

జర్మనీలో మైన్ నది ఒడ్డున, ద్రాక్షతోటల కొండల నడుమ వుర్ట్స్‌బర్గ్ అనే పాత ఊరుంది. 1895లో రోంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టింది ఇక్కడే. క్వాంటమ్ హాల్ ఫలితానికి 1985లో నోబెల్ అందుకున్న క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ డాక్టరేటు చేసిందీ ఇక్కడే, గాట్‌ఫ్రీడ్ లాండ్‌వెయర్ దగ్గర. ఆ లాండ్‌వెయర్ హయాంలోనే ఈ విశ్వవిద్యాలయం ఒక పెంకి పదార్థాన్ని పెంచే విద్య పట్టింది. దాని పేరు మెర్క్యురీ టెల్యురైడ్, అంటే పాదరసమూ టెల్యురియమూ కలిసిన స్ఫటికం.

మిగతా ప్రయోగశాలలు దాని జోలికి పోవడానికి జంకేవి. ఇలాంటి స్ఫటికాలను గాలి తీసేసిన ఉక్కు గదిలో, మూలకాలను ఆవిరి చేసి, పరమాణువుల వరస మీద వరసగా పేరుస్తారు. గాలియం ఆర్సెనైడ్ లాంటి బుద్ధిమంతుడైన అర్ధవాహకాన్ని ఆరు వందల డిగ్రీల దగ్గర హాయిగా పెంచుకోవచ్చు. పాదరసం అంత వేడికి నిలవదు, పొరలోంచి లేచిపోతుంది. కాబట్టి నూట ఎనభై డిగ్రీల చుట్టుపక్కలే ఉంచి, పోతున్న పాదరసానికి సరిపడా పాదరసాన్ని ఆపకుండా ధార పోస్తూ ఉండాలి. ఒకసారి పాదరసం పారిన గది ఇంక వేరే పదార్థానికి పనికిరాదు. పొర తయారయ్యాక కూడా దానికి వేడి తగలనివ్వకూడదు. మామూలు చిప్పుల పనిలో రసాయనం పూసి కాల్చి ఆరబెట్టే ప్రతి అడుగునూ ఇక్కడ చల్లగా, నిదానంగా మళ్లీ నేర్చుకోవాల్సిందే.

ఇంత బాధ పడడానికి కారణం లేకపోలేదు. దీనికి కాడ్మియం కలిపితే పరారుణ కిరణాలను పసిగట్టే డిటెక్టర్లు తయారవుతాయి. సైన్యాలకు చీకట్లో చూపు కావాలి, ఉపగ్రహాలు భూమి వేడి కొలవాలి. ఆ అవసరాల నీడలో పెరిగిన విద్య ఇది. ఎలక్ట్రాన్ల వింత ప్రవర్తన కోసం దీన్ని పెంచుకోవాలని మొదట్లో ఎవరూ అనుకుని ఉండరు.

ఇక్కడికి లారెన్స్ మోలెన్‌కాంప్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు వచ్చాడు. ఐంధోవెన్‌లోని ఫిలిప్స్ కంపెనీ పరిశోధనశాలలో, ఎలక్ట్రాన్లను సన్నటి సందుల్లోంచి నడిపించే ప్రయోగాలతో చెయ్యి తిరిగినవాడు. ఆయన ఈ స్ఫటికాలతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే అమెరికాలో ఇంకో కథ నడుస్తోంది. 2005లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ కేన్, యూజీన్ మెలె ఒక కొత్తరకం బంధకాన్ని ఊహించారు. లోపల విద్యుత్తు పారదు, అంచుల వెంట మాత్రం పారుతుంది. ఆ అంచు మీద ఒక స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకు, ఎదురు స్పిన్ ఉన్నవి ఎదురు దిక్కుకు పోతాయి. దారిలో మామూలు మలినం అడ్డొచ్చినా ఎలక్ట్రాన్ వెనక్కి మళ్లలేదు, ఎందుకంటే వెనక్కి మళ్లాలంటే స్పిన్ తిరగబడాలి. పదార్థం ఆకారాన్ని కొంచెం అటూ ఇటూ మార్చినా ఈ అంచు దారి చెదరదు. దీనికే టోపలాజికల్ బంధకమని పేరు స్థిరపడింది.

కేన్, మెలె దీన్ని గ్రాఫీన్‌లో చూడొచ్చన్నారు గానీ, గ్రాఫీన్‌లో ఆ ప్రభావం కొలవలేనంత చిన్నదని త్వరలోనే తేలిపోయింది. 2006లో స్టాన్‌ఫర్డ్‌లో షౌచెంగ్ జాంగ్, తన శిష్యులు ఆండ్రే బెర్నెవిగ్, టేలర్ హ్యూస్‌తో కలిసి మరో పేరు చెప్పాడు. అది మెర్క్యురీ టెల్యురైడ్. పొర మందం 6.3 నానోమీటర్ల కంటే తక్కువుంటే అది మామూలు బంధకం, ఎక్కువైతే టోపలాజికల్ బంధకం. అంత ఖచ్చితంగా మందం చెప్పారు కాబట్టి అబద్ధమో నిజమో తేల్చడం కూడా తేలికే, ఆ పొర పెంచగలిగితే! పెంచగలిగిన వాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. వుర్ట్స్‌బర్గ్ ముందువరసలో ఉంది.

ఏడాది గడిచేసరికి మోలెన్‌కాంప్ బృందం చేసి చూపించింది. పలచటి పొర చల్లబరిస్తే విద్యుత్తును పూర్తిగా ఆపేసింది. మందమైన పొర కొలతల్లో నిరోధం పెరిగి పెరిగి సుమారు 12,900 ఓముల దగ్గర ఆగి నిలబడింది. పొర వెడల్పు మార్చినా ఆ అంకె మారలేదు. అంటే విద్యుత్తు పారుతోంది అంచుల్లోనే. 2007లో ఈ వ్యాసం సైన్స్ పత్రికలో వచ్చాక, ఎవరికీ పట్టని పాదరసపు స్ఫటికం ఒక్కసారిగా ఇంటి పెద్దకొడుకైపోయింది.

ఒక చుట్టు చాలదు

ఈ అంచులకు అతివాహకాన్ని తాకిస్తే? 2008లో కేన్, ఆయన శిష్యుడు లియాంగ్ ఫు ఈ ప్రశ్న వేశారు. అతివాహకాన్ని మామూలు పదార్థానికి ఆనించి పెడితే, ఆ పక్క పదార్థంలోకి కూడా కొంతమేర అతివాహకత్వం పాకుతుందని ఆరో భాగంలోనే చూశాం. టోపలాజికల్ బంధకం ఉపరితలంలోకి అలా పాకిన అతివాహకత్వం మామూలుది కాదని, దాని సంధుల్లో మయొరానా స్థితులు పుడతాయని వాళ్లు లెక్కగట్టారు.

మయొరానా ఎవరో ఒక్క మాట. ఎత్తోరె మయొరానా 1906లో సిసిలీలోని కతానియాలో పుట్టాడు, రోములో ఫెర్మీ బృందంలో పనిచేశాడు. తనకు తానే ప్రతికణం కాగల కణం ఉండొచ్చని 1937లో రాశాడు. 1938 మార్చిలో పలెర్మోలో ఓడ ఎక్కి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఆయన చెప్పిన మౌలిక కణం ఇప్పటికీ దొరకలేదు. కానీ అతివాహకంలో ఎలక్ట్రానూ, ఎలక్ట్రాన్ లేని ఖాళీ సమపాళ్లలో కలగలిసిపోవచ్చు. ఆ కలయిక సరిగ్గా సున్నా శక్తి దగ్గర జరిగితే అది మయొరానా లక్షణాన్నే చూపిస్తుంది. రెండు మయొరానాలు కలిస్తే ఒక ఎలక్ట్రాన్ స్థితి. ఆ రెంటినీ తీగ రెండు కొసల్లో దూరదూరంగా ఉంచితే, వాటి మధ్య దాచిన సమాచారాన్ని ఒక చోట పుట్టిన అలజడి చెరిపేయలేదు. క్వాంటమ్ కంప్యూటర్ కావాలనుకునేవాళ్ల నోట్లో నీళ్లూరించింది ఇదే. 2001లో, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేస్తుండగా అలెక్సై కితాయెవ్ రాసిన చిన్న వ్యాసంలో ఈ ఆశకు పునాది ఉంది.

ఆ వ్యాసంలోనే, మయొరానా ఉందో లేదో చెప్పే ఒక గుర్తు కూడా ఉంది. మామూలు జోసెఫ్సన్ సంధిలో ఎంత విద్యుత్తు పారేదీ రెండు అతివాహకాల దశల తేడాను బట్టి ఉంటుంది. ఆ తేడా 360 డిగ్రీలు తిరిగితే అంతా మొదటికొస్తుంది. మయొరానా ఉన్న సంధిలో 360 డిగ్రీలు తిరిగినా మొదటికి రాదు, 720 తిరగాలి. పాత రైస్ మిల్లుల్లో బెల్టుకు రెండు వైపులా సమంగా అరగాలని ఒక మెలిక వేసి కుట్టేవాళ్లు. దాని మీద సుద్దతో గీత గీస్తూ పోతే ఒక చుట్టు పూర్తయ్యేసరికి మీరు వెనక వైపున ఉంటారు, రెండో చుట్టు తిరిగితేనే మొదలుపెట్టిన చోటికి వస్తారు. ఈ సంధిదీ అదే తంతు.

దీని పర్యవసానం సూటిగా షాపిరో మెట్ల మీద పడుతుంది. ఒక గిగాహెర్ట్జ్ మైక్రోతరంగాలు వేస్తే మామూలు సంధిలో మెట్టుకు మెట్టుకు మధ్య సుమారు 2.07 మైక్రోవోల్టుల తేడా ఉంటుంది. రెండు చుట్ల సంధిలో ఆ తేడా రెట్టింపు కావాలి. అంటే ఒకటో మెట్టు, మూడో మెట్టు, అయిదో మెట్టు ఉండకూడదు. బేసి మెట్లన్నీ మాయం! మన దేశానికి చెందిన కృష్ణేందు సేన్‌గుప్తా కూడా 2004లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక ప్రత్యేక తరగతి అతివాహకాల్లో ఈ రెట్టింపు లెక్కను వివరంగా కట్టాడు. సిద్ధాంతం వైపు నుంచి చూస్తే ఇంతకంటే ముచ్చటైన పరీక్ష ఉండదు. సంధిని చల్లబరచు, మైక్రోతరంగాలు వెయ్యి, మెట్లు లెక్కపెట్టు. లేని మెట్టును లెక్కపెట్టడంలో ఎంత తంటా ఉందో తర్వాత గానీ తెలిసిరాలేదు.

డెల్ఫ్ట్ దారి

వుర్ట్స్‌బర్గ్ పట్టుకున్నది కష్టమైన పదార్థాన్ని. 2010లో సిద్ధాంతకారులు ఒక తేలిక దారి చెప్పారు. మేరీలాండ్‌లో కోల్‌కతా నుంచి వెళ్లిన శంకర్ దాస్ శర్మ బృందం ఒక పక్క, ఇజ్రాయెల్, కాలిఫోర్నియా, బెర్లిన్ మనుషులు కలిసిన బృందం ఇంకో పక్క, రెండూ ఇంచుమించు ఒకే సమయంలో ఒకే వంటకం ప్రకటించాయి. మామూలు అర్ధవాహకపు సన్నటి తీగ, దానికి ఆనించిన మామూలు అతివాహకం, తీగ వెంట అయస్కాంత క్షేత్రం. అంతే, టోపలాజికల్ అతివాహకం తయారు. పాదరసంతో పనిలేదు.

ఈ వంటకాన్ని అందుకున్నది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్. అక్కడ లియో కౌవెన్‌హోవెన్ ఉన్నాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే, 1988లో డెల్ఫ్ట్, ఫిలిప్స్ కలిసి చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో పాలుపంచుకున్నవాడు. మోలెన్‌కాంప్ పనిచేసిన ఐంధోవెన్ శాలకూ, ఈయన చదివిన డెల్ఫ్ట్‌కూ మధ్య ఆ రోజుల్లో రాకపోకలు జాస్తి. ఒకే మట్టిలోంచి వచ్చిన ఇద్దరు డచ్చివాళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత ఒకే కణం కోసం రెండు దారుల్లో బయల్దేరారన్నమాట. వాళ్ల మధ్య వైరం ఉందని చెప్పడం లేదు. దారుల మధ్య పోటీ మాత్రం ఉంది, ఆ పోటీలో వేగం డెల్ఫ్ట్‌ది, నిదానం వుర్ట్స్‌బర్గ్‌ది.

డెల్ఫ్ట్ ప్రయోగశాలలో రోజు ఎలా గడిచేదో ఊహించడం కష్టమేమీ కాదు, అలాంటి గదులు ప్రపంచమంతా ఒకేలా ఉంటాయి. ఇండియం ఆంటిమొనైడ్ తీగలు ఐంధోవెన్‌లో ఎరిక్ బాకర్స్ బృందం దగ్గర పెరిగి వస్తాయి, గడ్డి మొలిచినట్టు నిలబడి. వాటిని సూక్ష్మదర్శిని కింద సూదిమొనతో ఒక్కొక్కటిగా ఎత్తి చిప్పు మీద పడుకోబెట్టాలి. పరమ శుభ్రమైన గదిలో, తల నుంచి కాలిదాకా తెల్ల ముసుగేసుకుని, తీగకు లోహపు స్పర్శలు వేయాలి. చేతిలోని స్థిర విద్యుత్తు ఒక్కసారి చిటుక్కుమంటే నెల్లాళ్ల శ్రమ మాడిపోతుంది, అందుకే చిప్పును ముట్టుకునే ముందు ముంజేతికి భూమితీగ కట్టుకుంటారు. తర్వాత హీలియం-3, హీలియం-4 కలిపి నడిపే శీతల యంత్రంలోకి దించుతారు. పంపు మోత రాత్రింబవళ్లు ఆగదు. పరమశూన్యానికి ఒక డిగ్రీలో పదో వంతు కంటే దగ్గరికి చేరాక, కంప్యూటర్ తెర మీద ఒక రంగుల పటం గీత తర్వాత గీతగా దిగుతూ వస్తుంది. పరిశోధక విద్యార్థి తెల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాడు. పది తీగల్లో తొమ్మిది పనిచేయవు.

2012 ఫిబ్రవరి ఆఖర్న బోస్టన్‌లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశాలు. వదంతులు ముందే పాకిపోయి, కౌవెన్‌హోవెన్ మాట్లాడే హాలు నిండి జనం గోడల వెంట నిలబడ్డారు. అయస్కాంత క్షేత్రం పెంచగానే తీగ కొసలో, సరిగ్గా సున్నా వోల్టేజీ దగ్గర వాహకతలో ఒక శిఖరం లేచింది, క్షేత్రం మార్చినా అక్కడే నిలిచింది. మయొరానాను చూశామా అంటే ఆచితూచి అవుననే చెప్తానన్నాడాయన. ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. మొదటి పేరు విన్సెంట్ మౌరిక్, మూడో పేరు సెర్గే ఫ్రోలోవ్. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి. అదే ఏడాది కేన్, మోలెన్‌కాంప్, జాంగ్‌లకు ఘనపదార్థ భౌతికంలో గొప్పదనిపించుకునే బక్లీ బహుమతి దక్కింది. గౌరవం వుర్ట్స్‌బర్గ్‌కు, పతాక శీర్షికలు డెల్ఫ్ట్‌కు.

డబ్బు కూడా డెల్ఫ్ట్ వైపే నడిచింది. గణితంలో ఫీల్డ్స్ పతకం పొందిన మైకేల్ ఫ్రీడ్‌మన్ మాట మీద మైక్రోసాఫ్ట్ అప్పటికే కాలిఫోర్నియాలో స్టేషన్ క్యూ అనే కేంద్రాన్ని నడుపుతోంది. గూగుల్, ఐబీఎం మామూలు జోసెఫ్సన్ సంధులతో క్వాంటమ్ యంత్రాలు కడుతుంటే, మైక్రోసాఫ్ట్ మాత్రం మయొరానా మీదే పందెం కాసింది. 2016 నవంబరులో కౌవెన్‌హోవెన్‌నూ, అప్పట్లో కోపెన్‌హేగన్‌లో పనిచేస్తున్న చార్లెస్ మార్కస్‌నూ ఉద్యోగంలోకి తీసుకుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ప్రయోగం ఒక కంపెనీ ప్రణాళికలో గడువు తేదీ ఉన్న అంశంగా మారింది. ఈ కథలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. చీకట్లో వెతుకుతున్నవాడికి ఫలానా తేదీలోగా దొరకాలని చెప్తే, దొరికినట్టు అనిపించే అవకాశం పెరుగుతుంది.

మెట్టు పోయింది

సున్నా దగ్గరి శిఖరానికి వేరే కారణాలూ ఉండొచ్చని 2012లోనే చాలామంది గొణిగారు. తీగలో మలినాలున్నా, కొసన ఎలక్ట్రాన్ ఇరుక్కున్నా అలాంటి శిఖరమే లేస్తుంది. అందుకని కొందరు కితాయెవ్ చెప్పిన మెట్ల పరీక్షకే పోయారు. 2012లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో లియొనిద్ రోఖిన్సన్ బృందం ఇండియం ఆంటిమొనైడ్ సంధిలో, అయస్కాంత క్షేత్రం పెంచాక మొదటి మెట్టు మాయమైందని ప్రకటించింది.

వుర్ట్స్‌బర్గ్ తాపీగా వచ్చింది. 2016లో మందపాటి మెర్క్యురీ టెల్యురైడ్ మీద, కొన్ని వందల నానోమీటర్ల దూరంలో రెండు నయోబియం స్పర్శలు వేసి, తక్కువ పౌనఃపున్యపు మైక్రోతరంగాలు వేస్తే మొదటి మెట్టు లేదు. ఎక్కువ పౌనఃపున్యం వేస్తే మళ్లీ ప్రత్యక్షమైంది. మూడోది, అయిదోది మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. ఇదేం పరీక్ష, సగం పాసు, సగం ఫెయిలు? సంధిలో రెండు చుట్ల దారి ఒకటో రెండో ఉంటే, పక్కనే ఒక చుట్టు దారులు బోలెడున్నాయని, వాటి హడావుడిలో మిగతా బేసి మెట్లు నిలిచిపోయాయని సమాధానం చెప్పుకున్నారు. 2017లో, 6.3 నానోమీటర్లు దాటినా 2016 నాటిదాని కంటే పలచనైన, అంచులు మాత్రమే పనిచేసే పొరతో ఎర్వాన్ బొకియాన్ ముందుండి చేసిన ప్రయోగంలో తొమ్మిదో మెట్టు దాకా బేసి మెట్లన్నీ పోయాయి. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. ఆ గ్రాఫు చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరించాల్సిందే. అదే ఏడాది జపాన్‌లోని రికెన్ సంస్థతో కలిసి, సంధి వెదజల్లే తరంగాలను కూడా కొన్ని చోట్ల సగం పౌనఃపున్యం దగ్గర పట్టుకున్నారు.

ఇంత దొరికినా వుర్ట్స్‌బర్గ్ వ్యాసాలు మయొరానా దొరికిందని డప్పు కొట్టలేదు. రెండు చుట్ల ప్రవాహానికి ఆధారం ఉందనీ, అది టోపలాజికల్ కారణంతో పొసగుతుందనీ రాసి ఊరుకున్నాయి. ఆ సంయమనం విలువ తర్వాత తెలిసింది.

సంయమనం అందరికీ లేదు. 2017 జులైలో లాస్ ఏంజెలెస్, స్టాన్‌ఫర్డ్ బృందాలు మరో రకం టోపలాజికల్ పొర మీద అతివాహకం వేసి, వాహకత సరిగ్గా సగం విలువ దగ్గర నిలబడిందని చెప్పాయి. జాంగ్ దానికి ‘దేవదూత కణం’ అని పేరు పెట్టాడు, డాన్ బ్రౌన్ నవలను తలుచుకుని. 2018లో డెల్ఫ్ట్ నేచర్ పత్రికలో ఇంకా పెద్ద మాట చెప్పింది. శిఖరం సున్నా దగ్గర లేవడమే కాదు, దాని ఎత్తు కూడా సిద్ధాంతం చెప్పిన విలువకు సరిగ్గా చేరి ఆగిపోయిందని. 2019 ఫిబ్రవరిలో డెల్ఫ్ట్‌లో మైక్రోసాఫ్ట్ ప్రయోగశాలను రాజు విలియమ్ అలెగ్జాండర్ చేతుల మీదుగా ప్రారంభించారు.

పాత శిష్యుల ఉత్తరం

2012 వ్యాసంలో పేర్లున్న మౌరిక్, ఫ్రోలోవ్ అప్పటికి డెల్ఫ్ట్ వదిలిపెట్టారు. ఫ్రోలోవ్ పిట్స్‌బర్గ్‌లో ఆచార్యుడు, మౌరిక్ ఆస్ట్రేలియాలో. ఫ్రోలోవ్ ప్రయోగశాలలో అలాంటి శిఖరాలు వద్దన్నా వస్తున్నాయి, మయొరానా ఉండే వీల్లేని చోట్ల కూడా. 2018 నాటి వ్యాసంలో గ్రాఫులు మరీ అందంగా ఉన్నాయని వీళ్లకు అనుమానం తగిలింది. ముడి కొలతలు పంపమని 2019 చివర్లో పాత బృందాన్నే అడిగారు.

వచ్చిన కొలతలనూ అచ్చయిన గ్రాఫులనూ పక్కపక్కన పెట్టి చూస్తే కథ బయటపడింది. ఒక గ్రాఫులో మధ్య ముక్క తీసేసి మిగతాది అతికించారు, ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు. కొలత మధ్యలో విద్యుదావేశం గెంతినప్పుడు గీతను సర్దుబాటు చేశారు, అదీ చెప్పలేదు. కొలిచిన మేర అంతా గీస్తే శిఖరం ఆ పవిత్రమైన విలువ దగ్గర ఆగడం లేదు, దాన్ని దాటి పైకి పోతోంది. 2020లో నేచర్ పత్రిక పాఠకులను హెచ్చరించింది. 2021 మార్చి 8న వ్యాసాన్ని రచయితలే ఉపసంహరించుకున్నారు, శాస్త్రీయమైన కట్టుదిట్టం చాలలేదని క్షమాపణ చెప్పుకున్నారు. పరిశీలించిన నిపుణుల సంఘం దురుద్దేశం కనిపించలేదంది, ఉత్సాహంలో కొట్టుకుపోయారంది. ఫ్రోలోవ్, మౌరిక్ ఆ మాటతో సమాధానపడలేదు.

1962లో ఒక పెద్దాయన కుర్రవాడి సంధిని కాదన్నాడు, కుర్రవాడు గెలిచాడు. 2019లో పెద్దాయన తీగను పాత శిష్యులు కాదన్నారు, ఈసారీ కుర్రవాళ్లే గెలిచారు. కానీ రెండో గెలుపుకు నోబెల్ ఉండదు. సాటివాళ్ల ముడి లెక్కలు తవ్వే పనికి పరిశోధన నిధులూ ఉండవు, స్నేహితులూ మిగలరు. నా దృష్టిలో ఈ అధ్యాయంలో నిలిచే పని వాళ్లదే.

దేవదూతకూ అదే గతి పట్టింది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో నితిన్ సమర్థ్, సుయ్‌జూ చాంగ్ తదితరులు అలాంటి పరికరాలనే జాగ్రత్తగా చేసి చూసి, ఆ సగం విలువకు మయొరానాతో పనిలేదని 2020లో చూపించారు. 2022లో సైన్స్ పత్రిక పాత వ్యాసాన్ని ఉపసంహరించింది. జాంగ్ అది చూడలేదు, 2018 డిసెంబరులోనే కన్నుమూశాడు.

మెట్ల సంగతి? అక్కడ మోసమూ లేదు, తొందరపాటూ లేదు. కానీ 2021లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జావద్ షబానీ బృందం ఇండియం ఆర్సెనైడ్, అల్యూమినియంతో చేసిన సంధిని కొలిచింది. అయస్కాంత క్షేత్రం లేదు, టోపలాజికల్ కావడానికి ఏ వీలూ లేదు. అయినా మెట్టు మాయం. సంధి మరీ నాణ్యంగా ఉంటే, లోపలి రెండు శక్తిస్థాయుల మధ్య అంతరం అతి సన్నగా ఉంటుంది. దశ వేగంగా తిరిగేటప్పుడు ఎలక్ట్రాన్ ఆ అంతరాన్ని గెంతేసి పై స్థాయికి పోతుంది, రెండో చుట్టులో గానీ కిందికి రాదు. 1932లో లాండౌ, జెనర్ విడివిడిగా లెక్కగట్టిన గెంతు ఇది. మయొరానా లేకుండానే 720 డిగ్రీల తంతు నడిచిపోతోంది. దీనికి తోడు, సంధి కొంచెం వేడెక్కితే మెట్ల వరస తారుమారవుతుందని గ్రెనోబ్ల్ నుంచి మరో బృందం అంతకుముందే చూపించింది.

వుర్ట్స్‌బర్గ్ కొలతలు తప్పని దీనర్థం కాదు. వాటిని ఎవరూ ఉపసంహరించలేదు, ఉపసంహరించాల్సిన పనీ లేదు. మాయమైన మెట్టు మయొరానాకు అవసరమైన గుర్తే, సరిపోయే గుర్తు మాత్రం కాదని తేలింది. ఇరవై ఏళ్ల వేట తర్వాత చేతిలో మిగిలినవి నాణ్యమైన పదార్థాలు, సున్నితమైన కొలతలు, ఉపసంహరించిన వ్యాసాలు, ఒక అనుమానాల చిట్టా.

ఇంత జరిగాక మైక్రోసాఫ్ట్ పందెం విరమించుకుంటుందని అనుకున్నవాళ్లు పొరబడ్డారు. 2022లో కౌవెన్‌హోవెన్ కంపెనీ వదిలినా వేట ఆగలేదు. 2025 ఫిబ్రవరి 19న ‘మయొరానా 1’ అనే చిప్పును ప్రపంచానికి చూపించారు, మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సారథ్యంలోనే. ఆ రోజే నేచర్‌లో వచ్చిన వ్యాసానికి జతపరిచిన సమీక్షల దస్త్రంలో, ఈ ఫలితాలు మయొరానా ఉనికికి రుజువు కావని సంపాదకుల గమనిక ఉంది. కంపెనీ ఒక మాట, పత్రిక ఒక మాట! తర్వాతి నెల అనహైమ్ సమావేశాల్లో జరిగిన వాగ్వాదం వచ్చే భాగంలో. దానితో పాటే అమరావతి ముచ్చట కూడా చెప్పుకుందాం. అక్కడికి రావాలని 2025లో ఒప్పందం కుదిరిన ఐబీఎం యంత్రంలో 156 క్యూబిట్లుంటాయని అప్పుడు ప్రకటించారు. వాటిలో మయొరానా ఒక్కటీ లేదు, అన్నీ మామూలు జోసెఫ్సన్ సంధులే.